కందెనవోలు: కర్నూలు పాతబస్తీ స్వభావం, వారసత్వం, పునరుద్ధరణ

ప్రస్తావన

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి నంద్యాల ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. అంతవరకు కర్నూలు జిల్లా వైభవం అనగానే గ్రంథాలు, పర్యాటక ప్రచురణలు వరుసగా పేర్కొంటూ వచ్చిన శ్రీశైలం, అహోబిలం, మహానంది, యాగంటి, బెలుం గుహలు కొత్త జిల్లా పరిధిలోకి వెళ్లాయి. ఈ పరిపాలనా మార్పు ఒక చారిత్రక ప్రశ్నను ముందుకు తెచ్చింది. చుట్టూ ఉన్న క్షేత్రాల కీర్తిని పక్కన పెడితే కర్నూలు పట్టణానికి తనదంటూ ఉన్న వారసత్వం ఏది?

దీనికి సాధారణంగా వచ్చే సమాధానం కొండారెడ్డి బురుజు. 2003లో వచ్చిన 'ఒక్కడు' చలనచిత్రం తర్వాత ఆ బురుజు రాష్ట్రమంతటికీ కర్నూలు గుర్తుగా స్థిరపడింది. ఆ సమాధానం తప్పు కాకపోయినా అసంపూర్ణం. బురుజు ఒక కోటలో భాగం, కోట ఒక పట్టణంలో భాగం, పట్టణం ఒక నదీరేవును ఆశ్రయించి పెరిగింది. ఈ క్రమంలో చివరి తునకను మాత్రమే నిలుపుకొని మిగిలిన దానిని మరచిపోవడం ఎప్పుడు, ఎలా జరిగిందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. కర్నూలు పాతబస్తీ మూలస్వభావం దారి మజిలీ, రేవు పట్టణం. నూటయాభై ఏళ్లుగా జరిగిన ప్రతి అభివృద్ధీ ఆ స్వభావంలో ఒక్కొక్క అంశాన్ని ఊరి వెలుపలికి తరలించింది. అందువల్ల పునరుద్ధరణ ఆ స్వభావాన్ని గుర్తించడంతో మొదలుకావాలన్నది ఇక్కడి ప్రతిపాదన. పోలిక కోసం అవసరమైన చోట కడప పట్టణాన్ని కూడా పరిశీలించడం జరిగింది.

పేరు చెప్పే చరిత్ర

కర్నూలుకు పూర్వనామం కందెనవోలు. కందనవోలు, కందనూరు అనే రూపాలూ వాడుకలో ఉండేవి. నవాబుల కాలంలో ఖమర్‌నగర్ అన్న పేరు కూడా వినిపించింది. కందెన అంటే బండి ఇరుసుకు పూసే జిడ్డు. వోలు అన్నది పట్టణవాచకమైన ప్రోలు శబ్దానికి సమాసంలో ఏర్పడే రూపం. నిరవద్యప్రోలు నిడదవోలు అయినట్లే కందెనప్రోలు కందెనవోలు అయిందని చెప్పడానికి భాషాపరంగా ఇబ్బంది లేదు.

ఈ పేరుకు స్థానికంగా ఒక ఐతిహ్యం ఉంది. తుంగభద్రకు ఆవలి గట్టున ఉన్న అలంపురంలో ఆలయాలు కట్టేటప్పుడు రాళ్లు తోలుకొనిపోయే ఒడ్డెలు నది దాటబోయే ముందు ఇక్కడ బండ్లు ఆపి, చక్రాలకు కందెన పూసుకొనేవారనీ, గాండ్లవారు వారికి నూనె అందించేవారనీ, ఆ మజిలీయే క్రమంగా ఊరయిందనీ ఆ కథ. దీన్ని కాలనిర్ణయానికి ఆధారంగా స్వీకరించలేము. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల నాటివి, అంటే క్రీ.శ. 7, 8 శతాబ్దాలకు చెందినవి. ఆ క్షేత్రంలో తర్వాతి శతాబ్దాల నిర్మాణాలూ ఉన్నాయి. ఐతిహ్యం వీటిలో దేన్ని ఉద్దేశిస్తుందో తేల్చడం సాధ్యం కాదు.

అయినా ఈ కథను కట్టుకథగా తోసిపుచ్చడం సరికాదు. స్థలనామ ఐతిహ్యాలు సంవత్సరాలను గుర్తుంచుకోకపోయినా పనులను గుర్తుంచుకుంటాయి. ఈ కథలో రాజు లేడు, దేవుడు ప్రత్యక్షం కాడు, యుద్ధం లేదు. రాయి మోసే కూలివారు, నూనె అమ్మే వృత్తివారు, ఒక బండ్లబాట, ఒక నదీరేవు మాత్రమే ఉన్నాయి. అనేక పట్టణాల పుట్టుక కథలు ఋషులతోనో రాజులతోనో మొదలవుతాయి. ఈ ఊరు తన పుట్టుకను శ్రమతో, ప్రయాణంతో ముడిపెట్టుకొంది. పెద్ద నిర్మాణం అవతలి గట్టున జరిగింది, దానికి కావలసిన ఏర్పాటు ఇవతలి గట్టున జరిగింది. ఏర్పాటు చేసిన చోటే ఊరు నిలిచింది.

కడప పేరు కూడా ఇదే కోవకు చెందుతుంది. కడప, గడప రూపాంతరాలు. రెండింటికీ ద్వారపు మెట్టు అనే అర్థం. తిరుమల యాత్రికులు ముందుగా దేవుని కడపలోని లక్ష్మీవేంకటేశ్వరుని దర్శించి, ఆ గడప దాటి కొండకు పోవాలన్న సంప్రదాయం ఈ పేరుకు ఆధారంగా చెబుతారు. అన్నమాచార్యులు కడపరాయనిపై సంకీర్తనలు రచించడం ఆ క్షేత్రం ప్రాచీన ప్రతిష్ఠకు నిదర్శనం. పట్టణానికి పేరునిచ్చిన ఆ గ్రామం నేడు పట్టణపు శివారు. ఈ విధంగా రాయలసీమలోని ఈ రెండు జిల్లా కేంద్రాలూ గమ్యాలుగా కాక, గమ్యానికి ముందు ఆగే చోట్లుగా పేరు పొందాయి. ఒకటి అలంపురానికి రేవు, మరొకటి తిరుమలకు గడప.

కోట, పేట

మజిలీకి రక్షణ కావాలి, రక్షణ ఉన్న చోట సుంకం పుడుతుంది. తుంగభద్ర ఉత్తరాన, దక్షిణం నుంచి వచ్చి దానిలో కలిసే హంద్రీ ఒక పక్కన ఉన్న ఈ కోణం కోటకు అనువైనది. కోట నిర్మాణాన్ని విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలానికి చెందినదిగా సంప్రదాయం చెబుతుంది. అయితే ఆరవీటి వంశీయులకు కందెనవోలుతో ఉన్న సంబంధం అంతకు ముందునుంచే ఉన్నట్లు అందుగుల వెంకయ్య 'రామరాజీయము' వంటి కావ్యాలు సూచిస్తాయి. పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను అంకితం పొందిన నంద్యాల కృష్ణమరాజు కూడా ఆరవీటి శాఖకు చెందినవాడే. ఈ సీమ రాజకీయ చరిత్రకూ ప్రబంధ సాహిత్య చరిత్రకూ మధ్య ఉన్న ఈ బంధాన్ని సాహిత్య పరిశోధకులు గుర్తించినంతగా పట్టణ చరిత్రకారులు ఉపయోగించుకోలేదు.

17వ శతాబ్దిలో కోట బిజాపూరు సుల్తానుల వశమైంది. వారి ప్రతినిధి అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి హంద్రీ ఒడ్డున నేటికీ ఉంది. జంట గుమ్మటాలతో ఉన్న ఆ కట్టడాన్ని ప్రజలు గోల్ గుమ్మజ్ అంటారు. మొగలు పాలన తర్వాత పన్నీ వంశపు పఠాను నవాబులు స్థిరపడ్డారు. అలంపురం చివరి పాలకుడైన కొండారెడ్డిని నవాబు బంధించి ఉంచడం వల్ల ఆ బురుజుకు ఆ పేరు వచ్చిందని ప్రతీతి. ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది. కందెనవోలు అన్న పేరులోనూ, కొండారెడ్డి బురుజు అన్న పేరులోనూ ఉన్నది అలంపురమే. ఊరి మొదటి స్మృతి అలంపురానికి రాయి తోలడం, ఊరి అత్యంత ప్రసిద్ధ కట్టడపు స్మృతి అలంపురం పాలకుని చెర. ఆవలి గట్టు లేకుండా ఈ ఊరిని అర్థం చేసుకోలేము.

18వ శతాబ్దిలో కర్నూలు దక్కను రాజకీయాలలో ప్రధాన పాత్ర వహించింది. 1750 డిసెంబరులో నాజర్ జంగ్ హత్యకు దారితీసిన కుట్రలో కడప, కర్నూలు, సవనూరు నవాబులు పాలుపంచుకొన్నారు. కొద్ది నెలలకే రాయచోటి ప్రాంతంలో ముజఫర్ జంగ్ మరణించాడు. అందుకు ప్రతీకారంగా 1751లో సలాబత్ జంగ్, బుస్సీల సేన కర్నూలును ముట్టడించి కొల్లగొట్టింది. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించినా కర్నూలు నవాబు సామంతుడుగా కొనసాగాడు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రకు కడప మీదుగా సాగినప్పుడు ఈ సీమలో ఇంకా నవాబు అధికారమే నడుస్తూ ఉంది. చివరికి 1839లో ఆయుధాలు రహస్యంగా పోగుచేశాడన్న ఆరోపణపై కంపెనీ సేన గులాం రసూల్ ఖాన్‌పై దాడి చేసింది. ఆ ఏడాది అక్టోబరులో నేటి జోహరాపురం వద్ద పోరు జరిగింది. నవాబును తిరుచిరాపల్లికి పంపారు, 1840లో ఆయన అక్కడే మరణించాడు. కర్నూలు 1858లో కలెక్టరు పాలన కింద జిల్లా అయింది.

రాజుల ఈ చరిత్ర కోటది. కోట వెలుపల పెరిగిన పేట చరిత్ర వీధుల పేర్లలో మిగిలింది. బుధవారపేట అన్న పేరు వారపు సంతను స్ఫురింపజేస్తుంది. చిత్తారిగేరి చిత్రకారుల వృత్తిని, పూలబజారు వ్యాపారాన్ని, సంకల్‌బాగ్ నవాబుల నాటి తోటల వాడుకను గుర్తుచేస్తాయి. గేరి అన్న మాట కన్నడ దేశంతో ఉన్న రాకపోకలకు సాక్ష్యం. బళ్లారి, ఆదోని, కర్నూలు ఊళ్లలో వీధిని గేరి అనడం పరిపాటి. పేట తెలుగు, గేరి కన్నడం, బాగ్ పారసీకం. మైలు దూరంలోపే ఈ మూడూ కలిసిన పట్టణం దారుల కూడలి కాక మరేమవుతుంది? శాసనాలు లేని చోట ఈ పేర్లే శాసనాలు.

1860వ దశకం: నమూనాగా మిగిలిన కోట

కర్నూలు పట్టణ స్వరూపం నిర్ణయాత్మకంగా మారిన దశకం 1860. ఆ దశకంలోనే కోటగోడలను పడగొట్టారు. ప్రాచీన నిర్మాణకళకు నమూనాగా ఒక ద్వారాన్ని మాత్రం ఉంచినట్లు ఆనాటి ఆంగ్ల రచనల ఆధారంగా తెలుస్తుంది. 1866లో పురపాలక సంఘం ఏర్పడింది. 1863లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తుంగభద్రపై సుంకేసుల నుంచి కర్నూలు-కడప కాలువ పని ప్రారంభించింది. సేద్యానికీ పడవ ప్రయాణానికీ ఉద్దేశించిన ఆ కాలువ కర్నూలు పట్టణం గుండా సాగి, హంద్రీని వంతెనకాలువపై దాటి కడప దిశగా పోతుంది. లాభాలు రాక నష్టపోయిన కంపెనీ నుంచి ప్రభుత్వం 1882లో ఆ కాలువను కొనివేసింది.

ఈ మూడు మార్పులూ ఒకే దృష్టికి చెందినవి. ఊరిని పరిశుభ్రంగా, విశాలంగా, పరిపాలనకు అనుకూలంగా మార్చడం ఆ దృష్టి. అందులో మేలు లేదనడం అన్యాయం. అయితే ఆ క్రమంలోనే కర్నూలు వారసత్వాన్ని చూసే ఒక అలవాటు కూడా పుట్టింది. మొత్తాన్ని తొలగించి ఒక తునకను నమూనాగా నిలపడం ఆ అలవాటు. కొండారెడ్డి బురుజు, ఎర్ర బురుజు వంటి శేషాలు అలా ఒంటరి కట్టడాలయ్యాయి. బురుజుకు ఆనుకొని ఉండవలసిన గోడ లేదు, గోడ కాపాడవలసిన ఊరు ఎటు ఉందో చూసేవారికి తెలియదు. నదికీ పట్టణానికీ మధ్య కోటగోడ ఒక కట్టగా కూడా ఉండేది. దాన్ని పోగొట్టుకొన్న ఫలితం తర్వాతి కాలంలో తెలిసివచ్చింది.

రేవు ప్రాధాన్యం కూడా క్రమంగా తగ్గింది. నదిపై వంతెనలు పడ్డాక దాటడానికి ఆగవలసిన అవసరం పోయింది. రైలుమార్గం స్టేషను చుట్టూ కొత్త బజారును కల్పించింది. నేడు 44వ నంబరు జాతీయ రహదారి పాతబస్తీని తాకకుండా తూర్పు అంచున సాగిపోతుంది. హైదరాబాదు, బెంగళూరుల మధ్య ప్రయాణించే వేలాదిమంది కర్నూలును దాటుతారు, కానీ కర్నూలులో ఆగరు. కందెన పూసుకొనే చోటు హోటళ్ల రూపంలో, పెట్రోలు బంకుల రూపంలో రహదారి అంచుకు మారింది.

మూడేళ్ల రాజధాని

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగ్ భవనంలో కుదిరిన ఒడంబడిక రాయలసీమకు రాజధానిగాని హైకోర్టుగాని ఎంచుకొనే అవకాశం ఇచ్చింది. దాని ఫలితంగా 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్రరాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. జవహర్‌లాల్ నెహ్రూ రాష్ట్రాన్ని ప్రారంభించారు, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు. హైకోర్టు 1954లో గుంటూరులో ఏర్పడింది. జిల్లా కేంద్రం స్థాయి వసతులున్న ఊరికి ఒక్కసారిగా ప్రభుత్వం తరలివచ్చింది. గుడారాలలో కార్యాలయాలు నడిచాయి. ఉద్యోగుల నివాసాలు ఎ, బి, సి క్యాంపులుగా వెలిశాయి. ఆ పేర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి.

1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు మారింది. ఖాళీ అయిన భవనాలలో కొన్ని విద్యాసంస్థలకు ఉపయోగపడ్డాయి. వైద్యకళాశాల ఆ నేపథ్యంలోనే స్థిరపడింది. అంతకుముందే 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ కృషితో ఉస్మానియా కళాశాల ప్రారంభమైంది. ఈ విధంగా కర్నూలు విద్యాకేంద్రమైంది. అయితే పట్టణ భూగోళంలో రాజధాని కాలం తెచ్చిన మార్పు మరొకటి. అధికారం, ఉద్యోగం, కొత్త ఇళ్లు పాతబస్తీకి దూరంగా ఎత్తైన నేలల మీద నిలిచాయి. పాతబస్తీ వన్‌టౌన్ అన్న పోలీసుస్టేషను పేరుతో వ్యవహారంలోకి వచ్చింది. ఊరి మూలమైన ప్రాంతాన్ని ఊరివారే ఒక స్టేషను పరిధి పేరుతో పిలుచుకోవడం యాదృచ్ఛికం కాదు.

1956 నవంబరు 1 మరో విధంగా కూడా ముఖ్యమైన తేదీ. అంతవరకు తుంగభద్ర రెండు రాష్ట్రాల సరిహద్దు. ఇవతల ఆంధ్రరాష్ట్రం, అవతల హైదరాబాదు రాష్ట్రం. రాజధానిని కోల్పోయిన రోజే కర్నూలుకు ఆవలి గట్టు తిరిగి దగ్గరైంది. 2014 జూన్ 2న నది మళ్లీ సరిహద్దయింది. అలంపురం ఇప్పుడు తెలంగాణలో జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. పేరు ఇవతలా, పేరుకు కారణం అవతలా ఉండిపోయాయి.

పట్టణం 1901 జనగణన నాటికి పాతిక వేల జనాభా గలది. 2011 నాటికి అది 4 లక్షల 30 వేలకు చేరింది. హంద్రీకి ఆవల ఉన్న కల్లూరు వంటి పొరుగు ఊళ్లు నగరపాలక పరిధిలో కలిసిపోయాయి. ఒకప్పటి మొత్తం ఊరు ఇప్పటి నగరంలో ఒక చిన్న మూల.

2009 వరద

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పొంగి కర్నూలు పాతబస్తీని ముంచాయి. ఎత్తైన కాలనీలకూ పాతబస్తీకీ మధ్య ఉన్న తేడాను నీరు స్పష్టంగా గీసి చూపింది. రేవుకు దగ్గరగా ఉండడం ఏ ఊరికి పుట్టుక కారణమో ఆ ఊరికే అది ప్రమాద కారణమైంది.

ఈ వరదను ఆస్తినష్టంగానే నమోదు చేయడం జరిగింది. పరిశోధకుల దృష్టిలో మరో నష్టాన్ని కూడా చేర్చాలి. నీరు నిలిచిన ఇంటిలో మొదట నశించేది కాగితం. వ్యాపార కుటుంబాల చిట్టాలు, పెళ్లి పత్రికలు, ఛాయాచిత్రాలు, దస్తావేజులు, అచ్చుకాని రచనలు, ఉర్దూ, తెలుగు చేతివ్రాతలు భద్రమైన గ్రంథాలయాలలో ఉండవు, ఇళ్లలో దూలాల కిందా పెట్టెలలోనూ ఉంటాయి. పట్టణ సామాజిక చరిత్రకు అవే ముడిసరుకు.

రెండో నష్టం ఇళ్లది. దూలాలు, దంతెలు పరచి, పైన చౌడుమట్టి వేసి, నాపబండలతో నేల వేసిన మిద్దె రాయలసీమ వేసవికి సరిపోయిన నిర్మాణం. వాననీటికి అది తట్టుకొంటుంది, కానీ రోజుల తరబడి నిలిచిన నీటిలో మట్టిగోడ నానిపోతుంది. తడిసి దెబ్బతిన్న మిద్దెను బాగుచేయగల పనివారు తగ్గిపోయిన కాలంలో దాని స్థానంలో సిమెంటు కట్టడం రావడం సహజం. స్తోమత ఉన్న కుటుంబాలు ఎత్తైన ప్రాంతాల వైపు చూడడమూ సహజమే. ఇల్లు మారినప్పుడు గేరి పేరు వాడుకలో నుంచి జారిపోతుంది. కాలనీకి, డోరు నంబరుకు అలవాటుపడిన తర్వాతి తరం ఆ పేరును విని ఉండదు.

రక్షణ, పునరుద్ధరణ

కొండారెడ్డి బురుజు, అబ్దుల్ వహాబ్ సమాధి కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్నాయి. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై 200 మీటర్ల వరకు నియంత్రితం. కట్టడాన్ని కాపాడడానికి ఈ నిబంధన అవసరమే. అయితే ఆ కట్టడం చుట్టూ ఉన్న వీధి జీవితం గురించి అది ఏమీ చెప్పదు. నిషేధపు వలయంలో ఉన్న ఇల్లు పాతబడుతూ ఉండవచ్చు, ఆ ఇంటి వృత్తి పోవచ్చు, ఆ వీధి పేరు మారవచ్చు. చట్టం దృష్టిలో వారసత్వం క్షేమంగానే ఉంటుంది. 1860వ దశకపు నమూనా దృష్టి మరో రూపంలో ఇక్కడ కొనసాగుతున్నదనడం కఠినమైన మాట కాదు.

2015లో కేంద్ర ప్రభుత్వం వారసత్వ నగరాల అభివృద్ధి పథకానికి 12 నగరాలను ఎంపిక చేసినప్పుడు తెలుగునాట అమరావతి, వరంగల్లు, పొరుగున బాదామి అందులో చేరాయి. స్తూపం, కోట, గుహాలయం వంటి మహానిర్మాణాలు గల ఊళ్లవి. రేవులకూ మజిలీలకూ ఆ జాబితాలలో చోటు దొరకడం కష్టం. మరో దృష్టి కూడా అసాధ్యం కాదు. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన అహమ్మదాబాదు పాతనగరానికి ఆ గుర్తింపు మసీదుల వల్ల మాత్రమే రాలేదు. పోల్ అని పిలిచే ఇరుకు వాడలు, వాటి చెక్క ఇళ్లు, వాటిలో కొనసాగుతున్న నివాసం కూడా ఆ విలువలో భాగంగా పరిగణన పొందాయి.

రాయలసీమలోనే దీనికి ఒక చిన్న ఉదాహరణ ఉంది. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్ అక్కడ బంగళా కొని, పండితులను నియమించి తెలుగు గ్రంథాల పరిష్కరణ సాగించాడు. కాలక్రమంలో ఆ బంగళా శిథిలమైంది. ఆ మొండిగోడలను నమూనాగా ఉంచి ఫలకం నాటితే అంతటితో పని ముగిసేది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి ప్రభృతుల కృషి వల్ల ఆ స్థలంలో గ్రంథాలయం వెలిసింది. అది 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది. అక్కడ తిరిగి కట్టింది బ్రౌన్ ఇంటిని కాదు, ఆ ఇంట్లో జరిగిన పనిని. పుస్తకాలు, తాళపత్రాలు, పరిశోధకుల రాకపోకలతో ఆ స్థలం తన పూర్వవృత్తికి చేరింది. దేవుని కడపలోనూ ఇటువంటిదే గమనించవచ్చు. ఉగాదినాడు ముస్లింలు బీబీ నాంచారమ్మ సంబంధాన్ని తలచుకొని వేంకటేశ్వరుని దర్శించే ఆచారం ఉంది. ఆలయ గోపురం ఎంత వారసత్వమో ఆ ఆచారమూ అంతే. ఆచారం ఆగిపోతే గోపురానికి సున్నం వేసినంత మాత్రాన ఆ వెలితి తీరదు.

ఈ దృష్టితో కర్నూలు పాతబస్తీకి మూడు పనులు తక్షణావశ్యకాలు.

మొదటిది నామసంకలనం. గేరి, పేట, బాగ్, పుర అన్న ప్రతి పేరును, దాని వాడుక రూపాలను, ఇంటివారు చెప్పే కారణాన్ని తెలుగు, ఉర్దూ రెండు భాషలలోనూ నమోదు చేసి పటంపై గుర్తించాలి. కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం, అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం కలిసి చేయదగిన పని ఇది. స్థలనామ పరిశోధనలో తెలుగు శాఖలకు మంచి సంప్రదాయం ఉంది. అది గ్రామనామాల మీద చూపిన శ్రద్ధను పట్టణపు వీధినామాల మీద అంతగా చూపలేదు.

రెండవది వరద స్మృతి. 2009లో నీరు చేరిన ఎత్తును ప్రతి కూడలిలో శాశ్వతంగా గుర్తించాలి. అది స్మారకమూ, హెచ్చరికా, కొత్త కట్టడాల నేలమట్టం నిర్ణయించడానికి కొలబద్దా అవుతుంది. నదిని అడ్డుగోడతో కనబడకుండా చేయడం రక్షణ అనిపించవచ్చు. కానీ నదిని చూడని తరం దాన్ని మరింత సులభంగా మరచిపోతుంది. పన్నెండేళ్లకొకసారి పుష్కరాల వేళ మాత్రమే ఊరు నది వైపు తిరగడం సరిపోదు.

మూడవది వృత్తిని ఉన్నచోట నిలపడం. పూలు, బట్టలు, దినుసులు అమ్మే చిన్న అంగళ్లను విశాలత పేరుతో శివారుకు తరలిస్తే పాతబస్తీకి మిగిలే చివరి మజిలీ గుణం కూడా పోతుంది. వీధి వెడల్పు చేసే ప్రణాళిక ఏదైనా ముందుగా ఆ వీధిలో ఏ పని జరుగుతున్నదో లెక్క తీసుకోవాలి.

ఈ వాదానికి ఒక ఆక్షేపణ రావచ్చు. ఇరుకు వీధులు, మురుగు, వరద భయం మధ్య బతికేవారికి వారసత్వం పేరుతో అదే స్థితిని కొనసాగించమనడం న్యాయమా? ఆక్షేపణ సబబైనదే. పాత ఇంటిని పాతదిగానే ఉంచమని దాని యజమానిని నిర్బంధించే హక్కు పరిశోధకునికి లేదు. మంచినీరు, మురుగుకాలువ, గట్టిగోడ పాతబస్తీవాసికీ క్యాంపువాసికీ సమానంగా అందాలి. ఇక్కడి ప్రతిపాదన ఇళ్లను గడ్డకట్టించమని కాదు. ఊరు మారేటప్పుడు ఏది పోతున్నదో తెలిసి మారాలన్నదే. 1860వ దశకంలో కోటను పడగొట్టినవారు కనీసం ఒక ద్వారాన్ని ఉద్దేశపూర్వకంగా ఉంచారు. నేడు గేరి పేర్లు పోతున్న తీరులో ఆ మాత్రపు ఉద్దేశం కూడా లేదు.

ముగింపు

కర్నూలు చరిత్రను రాజధాని వచ్చి పోయిన కథగా, కోట కట్టి కూల్చిన కథగా చెప్పడం అలవాటు. ఆ రెండింటికీ ముందున్న కథ కందెనవోలు అన్న పేరులో ఉంది. అది బండి ఆపిన చోటు, నూనె అమ్మిన చోటు, నది దాటిన చోటు. ఆ స్వభావం కోటలో సుంకంగా, పేటలో సంతగా, వీధుల పేర్లలో మూడు భాషల కలయికగా కొనసాగింది. రైలు, రహదారి, క్యాంపులు, వరద దాన్ని ఒక్కొక్క పొరగా తగ్గించాయి.

బురుజును కాపాడేందుకు చట్టం ఉంది, శాఖ ఉంది. వీధి పేరును కాపాడేందుకు దాన్ని పలికే మనుషులూ, రాసిపెట్టే విద్యార్థులూ తప్ప వేరే యంత్రాంగం లేదు. 2009 వరదను చూసిన, రాజధాని గుడారాలను బాల్యంలో చూసిన వృద్ధులు పాతబస్తీలో ఇంకా కొందరున్నారు. వారి మాటను నమోదు చేయగల వ్యవధి తక్కువ. తెలుగు శాఖలు ఆ పనిని ఒక పరిశోధనాంశంగా కాక, తమ బాధ్యతగా స్వీకరించవలసి ఉంది.